వయసు పెరిగితే రోగనిరోధక కణాలకు ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

కొందరు అమ్మానాన్నల రక్తపరీక్ష రిపోర్టు చేతిలో పట్టుకుని అడుగుతారు. కొందరు నలభై దాటాక జలుబు వారంలో తగ్గలేదని టెన్షన్ పడుతూ అడుగుతారు. అడిగే తీరు వేరైనా సందేహాలు అవే. అందుకే వాటిని ఒకచోట రాసి పెట్టాను. వరుసగా చదవనక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదట వచ్చే సందేహాలు: కణాల పుట్టుక, చావు

రోగనిరోధక కణం ఒకటి ఎంతకాలం బతుకుతుంది?

ఏ కణం అన్నదాన్ని బట్టి ఉంటుంది. తెల్ల రక్తకణాల్లో ఎక్కువ భాగం న్యూట్రోఫిల్స్. రక్తంలో వీటి ఆయుష్షు మామూలుగా ఒక రోజు అటూఇటూ. అందుకే మూలుగ రోజుకు సుమారు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారుచేస్తూనే ఉంటుంది. టి కణాలంటే క్రిములను గుర్తుపట్టి పోరాడే తెల్లకణాలు. వాటిలో ఇంకా ఏ క్రిమినీ ఎదుర్కోని కొత్తవి ఏళ్ల తరబడి ఉంటాయి. యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాల్లో కొన్ని మూలుగలో స్థిరపడి దశాబ్దాలు గడిపేస్తాయి. జ్ఞాపక టి కణాల సంగతి కాస్త చిత్రం. ఒక్కో కణం ఎక్కువకాలం ఉండదు, కానీ అప్పుడప్పుడూ విభజన చెందుతూ తన వంశాన్ని నిలుపుకుంటుంది. జ్ఞాపకం ఉండేది ఆ వంశంలోనే.

కణాలు చచ్చిపోతున్నాయంటే భయపడాలా?

అక్కర్లేదు, చావు ఈ వ్యవస్థలో రోజువారీ పని. కణం తనను తాను క్రమపద్ధతిలో ముగించుకోవడాన్ని అపోప్టోసిస్ అంటారు. 1972లో ఈ పేరు పెట్టారు. అలా చనిపోయిన కణం పగిలి లోపలి సరుకు బయటికి చిందదు. ముక్కలుగా విడిపోతుంది, మాక్రోఫేజ్‌లు వచ్చి ఆ ముక్కలను మింగేస్తాయి. ఇన్‌ఫెక్షన్ సమయంలో లక్షల్లో పెరిగిన టి కణాల్లో 90 శాతానికి పైగా పని అయ్యాక ఇలాగే పోతాయి, మిగిలిన కొన్ని జ్ఞాపక కణాలుగా ఉంటాయి. ఛాతీలో ఉండే థైమస్ అనే గ్రంథిలో శిక్షణకు వచ్చే టి కణాల్లో నూటికి 95కు పైగా అక్కడే చనిపోతాయి. పనికిరానివి, సొంత శరీరం మీదికే తిరగబడేవి బయటికి రాకుండా ఆపే ఏర్పాటు అది. ఇంత కఠినమైన పరీక్ష ఏ బడిలోనూ ఉండదేమో.

వయసు పెరిగేకొద్దీ ఈ కణాలు త్వరగా చచ్చిపోతాయనేగా అర్థం?

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. ముసలితనం అంటే కణాలన్నీ టపటపా రాలిపోవడం అనుకుంటారు. నిజానికి ఎవరు మిగులుతున్నారు, ఎవరు తగ్గుతున్నారు అన్నది తారుమారవుతుంది. కొత్త టి కణాలు తగ్గుతాయి. వాటిలోనూ వైరస్ సోకిన కణాలను చంపే సిడి8 రకం ముందు పలచబడుతుంది. పదేపదే విభజన చెంది అలసిపోయిన టి కణాలు మాత్రం చావు సంకేతాలకు లొంగకుండా పేరుకుపోతాయి. వీటిలో చాలావాటి మీద సిడి28 అనే అణువు ఉండదు. టి కణం పూర్తిగా మేలుకోవాలంటే ఆ అణువు నుంచి అందే సంకేతం కావాలి. అది లేని కణం కొత్త శత్రువుతో సరిగా పోరాడదు, చోటు ఖాళీ చేయదు, పైగా వాపు (ఇన్‌ఫ్లమేషన్) పెంచే రసాయనాలు వదులుతుంది.

త్వరగా పోయే కణాలూ లేకపోలేదు. ఇన్‌ఫెక్షన్ ఉన్నచోట న్యూట్రోఫిల్స్ ఆయుష్షును కొంతసేపు పొడిగించే సంకేతాలుంటాయి. వృద్ధుల న్యూట్రోఫిల్స్ వాటికి సరిగా స్పందించవు, పోరాటం మధ్యలోనే ముగిసిపోతాయి. పోవాల్సినవి పోకపోవడం, ఇంకాసేపు నిలవాల్సినవి నిలవకపోవడం, రావాల్సిన కొత్తవి రాకపోవడం, ఈ మూడూ కలిస్తేనే వయసు ప్రభావం.

## యవ్వనం నుంచి నడివయసు దాకా

థైమస్ చిన్నప్పుడే కుంచించుకుపోతుందట. మరి ఇన్నేళ్లు ఎలా నెట్టుకొస్తున్నాం?

థైమస్ రొమ్ము ఎముక వెనక, గుండెకు పైన ఉండే చిన్న గ్రంథి. టి కణాలు తయారయ్యేది ఇక్కడే. 1961లో జాక్ మిల్లర్ దీని అసలు పని కనిపెట్టేదాకా వైద్యులు దీన్ని పనిలేని అవయవం కింద లెక్కేశారు. పుట్టిన తొలి ఏడాది నుంచే దీని పనిచేసే భాగం తగ్గడం మొదలవుతుంది. నడివయసు దాకా ఏటా సుమారు 3 శాతం, ఆ తర్వాత సుమారు 1 శాతం చొప్పున తగ్గుతూ, ఖాళీ అయిన చోట కొవ్వు చేరుతుంది. డెబ్బై ఏళ్లకు చూస్తే చాలావరకు కొవ్వే.

అయినా నెట్టుకొస్తున్నామంటే కారణం, బయట ఉన్న టి కణాలు తమంతట తాము నెమ్మదిగా విభజన చెందుతూ సంఖ్యను నిలబెట్టడం. పెద్ద వయసు మనుషుల్లో కొత్త టి కణాల భర్తీ చాలావరకు ఇలాగే జరుగుతుంది. ఎలుకల్లో అలా కాదు, జీవితాంతం థైమస్ మీదే ఎక్కువ ఆధారం. ఎలుకల్లో వచ్చిన ఫలితాన్ని చూసి "థైమస్‌ను మళ్లీ పెంచేశారు" అని వార్త వస్తే ఈ తేడా గుర్తుంచుకోండి. బయట విభజనతో సంఖ్య నిలుస్తుంది కానీ వైవిధ్యం పెరగదు. ఉన్నవాటికే నకళ్లు తీసినట్టు. ఇంతవరకు చూడని క్రిమి వస్తే దాన్ని గుర్తుపట్టే కణం ఆ గుంపులో లేకపోయే అవకాశం పెరుగుతూ పోతుంది.

పెద్దయ్యాక థైమస్ ఎలాగూ పనిచేయదు కదా, ఆపరేషన్‌లో తీసేస్తే నష్టమేంటి?

చాలాకాలం సర్జన్లూ అలాగే అనుకున్నారు. గుండె ఆపరేషన్‌లో అడ్డు వస్తే తీసేయడం మామూలే. 2023లో వెలువడిన ఒక పరిశీలనలో థైమస్ తీసిన పెద్దవాళ్లను, ఛాతీ ఆపరేషన్ జరిగినా థైమస్ తీయనివాళ్లతో పోల్చారు. ఐదేళ్ల తర్వాత చూస్తే మొదటి గుంపులో 8.1 శాతం మంది, రెండో గుంపులో 2.8 శాతం మంది చనిపోయారు. క్యాన్సర్ కూడా తీసినవాళ్లలోనే ఎక్కువ. ఇది పరిశీలన మాత్రమే, చీటీలు వేసి గుంపులు విడదీసిన ట్రయల్ కాదు. అయినా "ఎలాగూ కొవ్వే కదా" అన్న మాట ఇక చెల్లదు. మయస్తీనియా గ్రావిస్, థైమస్ కణితి లాంటి జబ్బులకు తీయాల్సి వస్తే మాత్రం తీయాల్సిందే. అక్కడ లాభం పెద్దది.

టెలోమియర్లు అరిగిపోవడం అంటే ఏమిటి? దానికీ ఇమ్యూనిటీకీ సంబంధం ఉందా?

ఉంది. క్రోమోజోమ్‌ల చివర రక్షణగా ఉండే డీఎన్‌ఏ భాగాలే టెలోమియర్లు. కణం విభజన చెందిన ప్రతిసారీ అవి కొంచెం పొట్టివవుతాయి. బాగా పొట్టివైతే కణం విభజన ఆపేస్తుంది. మనిషి కణాలు అనంతంగా విభజన చెందలేవని లెనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ 1961లో చూపించారు. వాళ్ల ప్రయోగంలో సుమారు 50 విభజనల దగ్గర ఆగిపోయాయి. రోగనిరోధక కణాలు బతికేదే విభజన మీద. ఒక క్రిమి కనిపిస్తే ఒక్క కణం వేలల్లోకి పెరగాలి. అందుకే టి కణాలకు, యాంటీబాడీల పని చూసే బి కణాలకు పనిలో దిగినప్పుడు టెలోమరేజ్ అనే ఎంజైమ్ సాయపడుతుంది. టెలోమియర్లు, ఈ ఎంజైమ్ గురించిన పరిశోధనకే 2009లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. పదేపదే మేలుకొలుపు పడిన టి కణాల్లో ఈ సాయం క్రమంగా తగ్గిపోతుంది.

టెలోమియర్ పొడవు కొలిచి "మీ అసలు వయసు ఇంత" అని చెప్పే పరీక్షల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఒకే వయసు ఆరోగ్యవంతుల మధ్య కూడా ఆ పొడవులో చాలా తేడా ఉంటుంది.

నాకు 45 ఏళ్లే. అప్పుడే నా ఇమ్యూనిటీ ముసలిదైపోయిందా?

లేదు. ఏడాదికి రెండుమూడు జలుబులు పెద్దవాళ్లకు మామూలే. నడివయసులో లోపల మార్పులు నడుస్తూనే ఉంటాయి కానీ, మిగులు చాలా ఉంటుంది కాబట్టి బయటికి తెలియదు. ఈ వయసులో ఇన్‌ఫెక్షన్లు తరచుగా వస్తుంటే ముందు చూడాల్సింది షుగర్, నిద్ర, పొగతాగడం, వాడుతున్న స్టెరాయిడ్ లాంటి మందులు. తప్పు వయసు మీద వేసి వీటిని వదిలేయడమే ఎక్కువ జరుగుతోంది.

సిఎంవి పాజిటివ్ అని వచ్చింది. జబ్బు లేకపోయినా అది ఇమ్యూనిటీని తినేస్తుందా?

సిఎంవి అంటే సైటోమెగలో వైరస్. ప్రపంచంలో పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఇది ఎప్పుడో సోకే ఉంటుంది. ఒకసారి లోపలికి వస్తే జీవితాంతం ఉంటుంది, మామూలుగా ఏ లక్షణమూ ఉండదు. దాన్ని అణచిపెట్టి ఉంచడానికి శరీరం ఏళ్ల తరబడి టి కణాలను కేటాయిస్తూ పోతుంది. కొందరు వృద్ధుల్లో సిడి8 కణాల్లో పదో వంతు, అంతకన్నా ఎక్కువ కూడా ఈ ఒక్క వైరస్ కాపలాకే సరిపోతాయి. స్వీడన్‌లో 85 ఏళ్లు దాటినవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తే, సహాయక టి కణాలైన సిడి4 కన్నా సిడి8 కణాలు ఎక్కువైనవాళ్లు త్వరగా చనిపోవడం కనిపించింది. వాళ్లలో ఆ తారుమారుకు సిఎంవితో గట్టి సంబంధం ఉంది. అలాగని పాజిటివ్ వచ్చినవాళ్లంతా మందులు వాడాలని కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు దీనికి చికిత్స ఇవ్వరు.

## అరవై దాటాక

నాన్నగారి తెల్లకణాల కౌంట్ నార్మల్‌గానే ఉంది. మరి మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ ఎందుకొస్తోంది?

కౌంట్ తలలు లెక్కపెడుతుంది, పనితనం చూడదు. ఆరోగ్యంగా ఉన్న ఎనభై ఏళ్లాయన కౌంట్ కూడా మామూలు హద్దుల్లోనే, అంటే మైక్రోలీటరుకు 4,000 నుంచి 11,000 మధ్యే ఉంటుంది.

న్యూట్రోఫిల్స్‌నే తీసుకోండి. వృద్ధుల్లో ఇవి యువకుల్లో అంత వేగంగానే కదులుతాయి, కానీ దారి తప్పుతాయి. క్రిమి ఉన్నవైపు తిన్నగా వెళ్లకుండా అటూఇటూ తిరుగుతాయి. కణజాలాన్ని చీల్చుకుంటూ వెళ్లడానికి ఇవి ఎంజైమ్‌లు వాడతాయి కాబట్టి, ఎక్కువ దారి తిరిగితే ఎక్కువ కణజాలం దెబ్బతింటుంది. క్రిమి చావడం ఆలస్యం, పక్కనున్న మంచి కణజాలానికి గాయం, రెండూ ఒకేసారి. వైరస్ సోకిన కణాలను, క్యాన్సర్ కణాలను చంపే ఎన్‌కె కణాలైతే వయసుతో సంఖ్యలో పెరుగుతాయి, ఒక్కోదాని చంపే శక్తి తగ్గుతుంది. మాక్రోఫేజ్‌లు చచ్చిన కణాలను ఎత్తిపోయడంలో మందగిస్తాయి. వీటిలో ఏదీ మామూలు రక్తపరీక్షలో కనిపించదు.

ఇన్‌ఫెక్షన్లు మళ్లీమళ్లీ వస్తుంటే వయసు మీదే నెట్టేయకండి. మూత్రం పూర్తిగా పోకపోవడం, మింగేటప్పుడు పొలమారడం, షుగర్, బరువు తగ్గిపోవడం, ఇవన్నీ సరిచేయగల కారణాలు.

అమ్మకు న్యుమోనియా అన్నారు, కానీ జ్వరమే రాలేదు. ఇదెలా?

పెద్ద వయసులో ఇది అరుదేమీ కాదు. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్న వృద్ధుల్లో 20–30 శాతం మందిలో జ్వరం రాదు, లేదా నామమాత్రంగా ఉంటుంది. జ్వరం తెప్పించేది క్రిమి కన్నా మన రోగనిరోధక స్పందన. అది మందగిస్తే థర్మామీటర్ ఏమీ చెప్పదు. వాళ్ల మామూలు ఉష్ణోగ్రతే తక్కువగా ఉంటే చిన్న పెరుగుదల కూడా లెక్కలోకి వస్తుంది. ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం, తిండి మానేయడం, పడిపోవడం, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా జ్వరం లేదని ఊరుకోకుండా అదే రోజు డాక్టర్‌కు చూపించండి.

ఇన్‌ఫ్లమేజింగ్ అంటే ఏంటి? ఇమ్యూనిటీ తగ్గితే వాపు కూడా తగ్గాలి కదా?

తగ్గాలనే అనిపిస్తుంది, జరిగేది వేరు. ఏ ఇన్‌ఫెక్షన్ లేకపోయినా వృద్ధుల రక్తంలో ఐఎల్-6, టిఎన్‌ఎఫ్, సిఆర్‌పి లాంటి వాపు గుర్తులు కొంచెం ఎక్కువగా ఉంటాయి. 2000లో ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాన్సెస్కీ దీనికి ఈ పేరు పెట్టారు. అలసిపోయినా చావని కణాలు వదిలే రసాయనాలు, ఎత్తిపోయని కణ శిథిలాలు, పొట్ట చుట్టూ కొవ్వు, పేగు గోడ నుంచి కారే సూక్ష్మజీవుల ముక్కలు, అన్నీ దీనికి కారణాలే. పొయ్యి ఆరకుండా సన్నటి సెగ మీద ఉన్నట్టు అన్నమాట. అసలు శత్రువు వచ్చినప్పుడు ఈ సెగ వల్ల కొత్త స్పందన స్పష్టంగా ఉండదు. గుండె జబ్బు, కండరాలు కరిగిపోవడం లాంటివాటికీ దీనితో సంబంధం ఉంది.

మూలుగ కూడా ముసలిదవుతుందా?

అవుతుంది, అదీ విచిత్రమైన పద్ధతిలో. యవ్వనంలో మన రక్తాన్ని వేలాది మూలకణాలు (స్టెమ్ సెల్స్) తలా కొంచెం తయారుచేస్తాయి. 75 దాటినవాళ్ల రక్తాన్ని జన్యుపరంగా పరిశీలిస్తే 12 నుంచి 18 మూలకణ వంశాలే 30–60 శాతం రక్తాన్ని తయారుచేస్తున్నాయని 2022లో తేలింది. ఏదో ఒక జన్యుమార్పు వల్ల కాస్త వేగంగా పెరిగే వంశం, ఏళ్లు గడిచేకొద్దీ మిగతావాటిని పక్కకు నెట్టేస్తుంది. డిఎన్‌ఎంటి3ఎ, టెట్2 జన్యువుల్లో ఇలాంటి మార్పులు ఎక్కువగా కనిపిస్తాయి. డెబ్బై దాటినవాళ్లలో పదిమందిలో ఒకరికి పైగా ఈ స్థితి ఉంటుంది. ఇది క్యాన్సర్ కాదు. అయితే రక్త క్యాన్సర్ ముప్పును, అంతకన్నా ముఖ్యంగా గుండెపోటు ముప్పును పెంచుతుంది. టెట్2 దెబ్బతిన్న మాక్రోఫేజ్‌లు వాపును ఎక్కువ చేయడం అందుకు ఒక కారణం.

ఇంకో మార్పు, మూలుగ లింఫ్ కణాల (టి, బి కణాల లాంటివి) కన్నా మైలాయిడ్ కణాల (న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌ల లాంటివి) వైపు మొగ్గుతుంది. అందుకే కొత్త బి కణాల రాక తగ్గుతుంది.

చిన్నప్పుడు వచ్చిన జబ్బుల జ్ఞాపకం కూడా చెరిగిపోతుందా?

పాత జ్ఞాపకం ఆశ్చర్యపోయేంత గట్టిది. ఫారో దీవుల్లో 1781లో తట్టు వచ్చి పోయింది, మళ్లీ 1846 దాకా రాలేదు. రెండోసారి వచ్చినప్పుడు అక్కడికి వెళ్లిన డెన్మార్క్ వైద్యుడు పీటర్ పానమ్, 65 ఏళ్ల కిందట తట్టు వచ్చిన వృద్ధుల్లో ఒక్కరికి కూడా అది మళ్లీ సోకలేదని రాశాడు. అంతకన్నా నాకు ఇష్టమైన ఉదాహరణ 2008 నాటిది. 1918 ఫ్లూ మహమ్మారిని చిన్నతనంలో చూసిన 32 మంది నుంచి, వాళ్లకు 91 నుంచి 101 ఏళ్ల వయసున్నప్పుడు రక్తం తీసుకున్నారు. ఆ వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీలు వాళ్లందరిలోనూ ఉన్నాయి. కొందరి బి కణాల నుంచి తయారుచేసిన యాంటీబాడీలు ఎలుకలను ఆ వైరస్ నుంచి కాపాడాయి కూడా. తొంభై ఏళ్ల కిందటి శత్రువును ఆ కణాలు మరచిపోలేదు.

కాబట్టి వయసుతో ముందు దెబ్బతినేది కొత్తది నేర్చుకోవడం. 2020లో కొత్త కరోనా వైరస్ వృద్ధులను అంతగా కుదిపేయడానికి ఇదొక కారణం. జ్ఞాపకం సడలడం కూడా కొన్నిటిలో ఉంది. ఆటలమ్మ వైరస్ నరాల్లో దాక్కుని, దాన్ని కాపలా కాసే టి కణాలు తగ్గినప్పుడు సర్పిగా (షింగిల్స్) బయటపడుతుంది.

ఆడవాళ్లలో, మగవాళ్లలో తేడా ఉంటుందా?

ఉంటుంది. మొత్తమ్మీద మగవాళ్లలో టి, బి కణాల తగ్గుదల, వాపు పెరుగుదల ఎక్కువ. వయసు మీదపడ్డ మగవాళ్లలో కొన్ని తెల్లకణాలు వై క్రోమోజోమ్‌నే పోగొట్టుకుంటాయి. ఆడవాళ్ల స్పందన గట్టిగా ఉంటుంది, దానికి మూల్యంగా ఆటోఇమ్యూన్ జబ్బులు వాళ్లలో ఎక్కువ.

## టీకాలు, వ్యాయామం, మాత్రలు

వయసు మీదపడ్డాక టీకా వేయించుకున్నా ఎక్కదట కదా, ఎందుకు వేయించుకోవడం?

తక్కువగా ఎక్కుతుంది, అసలు ఎక్కకపోవడం కాదు. పైగా టీకా తయారీలోనే దీనికి విరుగుడు కనిపెట్టారు. ఒకటి, మోతాదు పెంచడం. 65 దాటినవాళ్ల కోసం తయారైన ఒక ఫ్లూ టీకాలో యాంటిజెన్, అంటే రోగనిరోధక కణాలు గుర్తుపట్టే వైరస్ భాగం, మామూలు కన్నా నాలుగు రెట్లు ఉంటుంది. 2014లో వెలువడిన ట్రయల్‌లో మామూలు టీకాతో పోలిస్తే ఫ్లూ కేసులు సుమారు 24 శాతం తగ్గాయి. రెండోది, స్పందనను తట్టిలేపే సహాయక పదార్థం కలపడం. సర్పికి వచ్చిన పాత సజీవ టీకా (బలహీనపరిచిన బతికున్న వైరస్‌తో చేసింది) అరవై దాటినవాళ్లలో సుమారు 51 శాతం పనిచేసింది, డెబ్బై దాటితే ఇంకా తగ్గింది. షింగ్రిక్స్ టీకాలో వైరస్ ప్రొటీన్‌తో పాటు ఆ సహాయక పదార్థం ఉంది. అది డెబ్బై దాటినవాళ్లలో కూడా సుమారు 90 శాతం పనిచేసింది. ముసలి కణం నేర్చుకోలేదనే నిరాశకు నా వరకు ఇదే జవాబు, గట్టిగా పిలిస్తే పలుకుతుంది.

సజీవ టీకాలు పెద్దవాళ్లకు ప్రమాదమా?

అన్నీ కావు. ఎల్లో ఫీవర్ టీకాను అరవై దాటాక తొలిసారి వేయించుకుంటే తీవ్రమైన దుష్ప్రభావాల ముప్పు యువకుల కన్నా ఎక్కువ, అవి అరుదే అయినా. ప్రయాణం కోసం అవసరమైతే డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి.

వ్యాయామం చేస్తే కణాల వయసు వెనక్కి వెళ్తుందా?

వెనక్కి అనలేం, నెమ్మదిస్తుంది అనవచ్చు. దశాబ్దాలుగా సైకిల్ తొక్కుతున్న 55–79 ఏళ్ల 125 మందిని పరిశీలిస్తే, వాళ్ల థైమస్ నుంచి కొత్తగా వచ్చిన టి కణాల సంఖ్య యువకులకు దగ్గరగా ఉంది. ఇది 2018 నాటి ఫలితం. అలసిపోయిన టి కణాల పేరుకుపోవడంలో మాత్రం పెద్ద తేడా లేదు. ఈ రెండో వాక్యాన్ని వ్యాయామ ప్రచారాల్లో ఎవరూ రాయరు. తిండి విషయానికొస్తే, రెండేళ్లపాటు కేలరీలు సుమారు 14 శాతం తగ్గించినవాళ్లలో థైమస్‌లో కొవ్వు తగ్గి పనిచేసే భాగం పెరిగిందని 2022లో వెలువడింది. కానీ ఆ ట్రయల్‌లో పాల్గొన్నవాళ్లు ఆరోగ్యంగా ఉన్న, యాభై దాటని మనుషులు. బరువు తగ్గిపోతున్న డెబ్బై ఐదేళ్లావిడ తిండి తగ్గించడం ఇమ్యూనిటీకి నేరుగా దెబ్బ.

ఇమ్యూనిటీ బూస్టర్ మాత్రలు వాడొచ్చా?

లోపం ఉంటే ఆ లోపాన్ని సరిచేయడం పనికొస్తుంది. విటమిన్ డి, బి12, జింక్ వృద్ధుల్లో తక్కువగా ఉండటం మామూలే. లోపం లేనివాళ్లకు బూస్టర్ అనే మాటే సరిపడదు. సన్నటి వాపు అప్పటికే ఎక్కువగా ఉన్న శరీరంలో దేన్ని బూస్ట్ చేస్తాం?

రాపమైసిన్, సెనోలిటిక్స్ వాడితే ముసలి కణాలు పోతాయట. తెప్పించుకోవచ్చా?

సొంతంగా వద్దు. కణాల ఎదుగుదలను నడిపే ఎమ్‌టార్ అనే మార్గాన్ని నెమ్మదింపజేసే, రాపమైసిన్ లాంటిదే అయిన ఎవరోలిమస్‌ను తక్కువ మోతాదులో ఇస్తే వృద్ధుల్లో ఫ్లూ టీకా స్పందన సుమారు 20 శాతం మెరుగుపడిందని 2014లో తేలింది. అందరూ ఉత్సాహపడ్డారు. అదే మార్గం మీద పనిచేసే ఇంకో మందు 2019లో పెద్ద ట్రయల్‌లో విఫలమైంది. ఇక సెనోలిటిక్స్ అంటే చావని ముసలి కణాలను చంపే మందులు. దాసటినిబ్, క్వెర్సెటిన్ జంట ఎలుకల్లో బాగా పనిచేసింది. మనుషుల్లో జరిగినవి చిన్న ట్రయల్స్. దాసటినిబ్ అసలు రక్త క్యాన్సర్ మందు, ప్లేట్‌లెట్లను తగ్గించగలదు. పైగా గాయం మానడానికి సాయపడేవాటిలో ఈ విభజన ఆపేసిన కణాలు కూడా ఉన్నాయి, కాబట్టి అన్నిటినీ ఊడ్చేయడం మంచిదేనా అన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.